బమ్రోలీలో దుభాషీలుగా ఏడు రోజులు

మానసిక చికిత్సాలయం అన్న మాట వినగానే మన తెలుగువారి మనసులో మెదిలేవి రెండే పేర్లు. హైదరాబాదు వారికి ఎర్రగడ్డ, విశాఖ వారికి వాల్తేరు. ఈ రెండూ వైద్యాలయాల పేర్లుగా కంటె పరిహాసపు మాటలుగానే ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. నిజాం రాజ్యంలో జాల్నాలో ఉండిన మానసిక వైద్యశాల 1953లో ఎర్రగడ్డకు తరలివచ్చింది. ఊరు మారినా ప్రహరీగోడ మారలేదు. రోగిని గోడకు అవతల, కుటుంబాన్ని గోడకు ఇవతల ఉంచడమే చికిత్స అని లోకం చాలాకాలం నమ్మింది.

ఆ గోడ సుమారు ఆ రోజులలోనే బీటలు వారడం మొదలైంది. 1952లో క్లోర్‌ప్రొమజీన్ అనే మందు వాడుకలోకి వచ్చాక, ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయిన వారిలో ఎందరో ఇళ్ళకు వెళ్ళగలిగే స్థితికి వచ్చారు. ఇంటికి వెళ్ళిన వారిని ఎవరు చూడాలి? 1954లో ఇంగ్లండులోని వార్లింగ్‌హామ్ పార్క్ ఆసుపత్రి ఇద్దరు నర్సులను రోగుల ఇళ్ళకు పంపి ఈ ప్రశ్నకు ఒక సమాధానం చూపింది. మన దేశంలో అమృతసర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆ దశకంలోనే రోగుల బంధువులను ఆవరణలో గుడారాలు వేయించి ఉంచి, చికిత్సలో వారిని భాగస్వాములను చేశారు. 1970వ దశకంలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు సకలవాడ గ్రామంలోను, తరువాత బళ్ళారి జిల్లా అంతటా పల్లె ఆరోగ్య సిబ్బందితోనే మానసిక వైద్యం అందించవచ్చునని నిరూపించారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో దాని జిల్లా శాఖ వచ్చాయి. జిల్లా కార్యక్రమం తొలి విడతలో ఎంపికైన నాలుగు జిల్లాలలో మన మెదక్ ఒకటి.

ఈ మార్పులో అందరికంటె ఎక్కువగా నడిచినది నర్సు. నడిచినది అన్న మాటను ఉన్న అర్థంలోనే వాడుతున్నాము. నర్సింగ్ పట్టభద్రుల పాఠ్యప్రణాళికలో మానసిక వార్డు పనికి నాలుగు వారాలు కేటాయించి, వార్డు వెలుపల జనం మధ్య చేయవలసిన మనోవైద్య సేవకు ఒక్క వారం కేటాయించారు. ఆ ఒక్క వారం ఎలా గడుస్తుందో గడచిన శీతకాలంలో బమ్రోలీలో కళ్ళారా చూచే అవకాశం మాకు కలిగింది.

హజీరా వైపు నుంచి తాపీ నది దాటి, సూరత్ నగరం మీదుగా దక్షిణానికి పోతే ఉధ్నా, పాండేసరా, వాటిని ఆనుకొని బమ్రోలీ వస్తాయి. మా వృత్తి వారికి ఈ పేరు కొత్త కాదు. నగరపాలక సంస్థ 2014లో ఇక్కడ రోజుకు 4 కోట్ల లీటర్ల మురుగునీటిని మూడవ దశ వరకు శుద్ధి చేసి, పాండేసరా బట్టల అద్దకపు కర్మాగారాలకు అందించే ప్లాంటును నెలకొల్పింది. ఇంజనీర్ల బృందాలు ఆ ప్లాంటు చూడడానికి వస్తాయి, పొరల వడపోత గురించి ప్రశ్నలు వేస్తాయి, ఫొటోలు దిగి వెళ్ళిపోతాయి. మేమూ అలా వచ్చి వెళ్ళిన వారమే. ఆ ప్లాంటుకు సమీపంలో తెలుగు మాట వినిపించే గల్లీలున్నాయని ఈసారే తెలిసింది.

సూరత్‌లో తెలుగువారంటే అధిక భాగం కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో వారి సంఖ్య హెచ్చు. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే వారి ఉనికి ఎంతటిదో ఊహించవచ్చు. 1994లో ప్లేగు భయానికి, 2020లో లాక్‌డౌనుకు ఊళ్ళకు పోయినవారు పోయారు, తిరిగి వచ్చిన వారు వచ్చారు. బమ్రోలీ గల్లీలలో ఒరిస్సా గంజాం వారు, మహారాష్ట్ర వారు, ఉత్తరాది వారు, మనవారు పక్కపక్క గదులలోనే కాపురముంటారు.

నగరంలోని ఒక నర్సింగ్ కళాశాల తన విద్యార్థినులను ఈ గల్లీలకు పంపింది. విద్యార్థినులకు గుజరాతీ, హిందీ వచ్చు. మగవారితో హిందీ సరిపోతుంది. ఇంటి పట్టున ఉండే స్త్రీలతోను, వృద్ధులతోను సరిపోదు. “రాత్రి నిద్ర పడుతున్నదా” అన్న ప్రశ్న అడగలేని నర్సు మానసిక ఆరోగ్యం గురించి మరేమి అడగగలదు? అధ్యాపకురాలు మా టౌన్‌షిప్‌లోని తెలుగువారిని సంప్రదించారు. ఇద్దరు ఇంజనీర్లము, మా శ్రీమతులు ఇద్దరు, వెరసి నలుగురము దుభాషీలుగా బయలుదేరాము. నలుగురమూ కృష్ణా గోదావరి జిల్లాల వారమే. ఈ సంగతి ముందు ముందు అక్కరకు వస్తుంది.

మొదటి రోజు ఉదయం అధ్యాపకురాలు మాకు ఒక గంటసేపు పాఠం చెప్పారు. వారు చెప్పినది చెప్పినట్లే మార్చి చెప్పండి. క్లుప్తం చేయకండి. వారి తరఫున మీరు జవాబు ఇవ్వకండి. అర్థం కాని మాట వస్తే దానికి అర్థం కల్పించకండి, అదే మాటను ఉన్నది ఉన్నట్లు పలకండి. ఇక్కడ విన్నది ఇక్కడే వదలిపెట్టండి. ముప్పై ఏళ్ళుగా నాలుగు పేజీల నివేదికను నాలుగు వాక్యాలకు కుదించడమే నేర్పుగా భావించిన వారికి ఈ నియమాలు ఎంత కష్టమో పాఠకులు గ్రహించగలరు. చివరి నియమాన్ని పాటిస్తూ, ఈ వ్యాసంలో ఎవరి పేరూ చెప్పకుండా, మనుషులను గుర్తుపట్టగల వివరాలను మార్చి రాస్తున్నాము.

ముందుగా మమ్మల్ని పలకరించినది మగ్గాల చప్పుడు. ఇక్కడివారు మగ్గాల షెడ్డును ఖాతా అంటారు, మనవారు ఇంటి అలవాటు కొద్దీ సాంచెలు అంటారు. నాడాలు కొట్టే మరమగ్గాల షెడ్డులో ధ్వని సుమారు 100 డెసిబెళ్ళు ఉంటుంది. కర్మాగారాల నిబంధనల ప్రకారం 90 డెసిబెళ్ళలో 8 గంటలు, 95లో 4 గంటలు, 100లో 2 గంటలకు మించి మనిషి ఉండరాదు. ఇక్కడి షిఫ్టు 12 గంటలు. పగటి షిఫ్టు వారు లేచిన చాపమీదనే రాత్రి షిఫ్టు వారు నడుము వాల్చే గదులు చూశాము. చూరు కింద ఎండ, గోడ అవతల మగ్గాలు, తలుపు దగ్గర పిల్లల ఆటలు. అట్టి చోట పగలు నిద్రపోవడం ఎవరికి సాధ్యం? విద్యార్థినుల ప్రశ్నాపత్రంలో నిద్రకు ఒకటే గడి ఉన్నది, అవును లేదా కాదు. రెండవ రోజుకే వారు ఆ గడి పక్కన ఏ షిఫ్టు, ఎన్నాళ్ళకు మారుతుంది, పగలు ఎక్కడ పడుకుంటారు అని చేతిరాతతో మూడు ప్రశ్నలు చేర్చారు. ఇరవై ఏళ్ళ పిల్లలకు ఇది ఎవరూ చెప్పకుండానే తోచడం మాకెంతో ముచ్చట గొలిపింది.

ఇక భాష సంగతి. తెలుగు తెలుసునన్న మా ధీమా మొదటి ఇంటిలోనే సడలింది. ఒక పెద్దావిడ కొడుకు గురించి చెబుతూ “రంది వెట్టుకున్నడు బిడ్డా” అన్నది. మరొకామె “బుగులైతది” అన్నది. ఇంకొక ఇంట “యాష్టకొస్తున్నది” అన్నారు. తెలంగాణ పాఠకులు నవ్వుకొనవచ్చును. మాకు మాత్రం ఇవి వినికిడి మాటలే గాని వాడుక మాటలు కావు. బుగులు అంటే భయం, గుండెలో గుబులు. దానికి గుజరాతీలో గభరామణ్ అని ఒక మాట ఉన్నది, మన గాబరాకు చుట్టమే కావచ్చును, చక్కగా అతికింది. యాష్ట అంటే విసుగు, సడలిన ఓపిక. రంది దగ్గర అందరమూ ఆగిపోయాము. చింత అందామంటే అంత తేలిక కాదు. దుఃఖం అందామంటే ఏదో ఒకటి పోయి ఉండాలి. దిగులుకు దగ్గరే గాని, దూరాన ఉన్న దానిమీద మనసు చిక్కుకొని తిండి సయించకపోవడం కూడా అందులో ఉన్నది. నియమం ప్రకారం మేము “రంది” అనే పలికాము. విద్యార్థిని గుజరాతీ లిపిలో “రంది” అనే రాసుకొని, “అది వచ్చినప్పుడు ఆయన ఏమి చేస్తారు, ఏమి మానేస్తారు అడగండి” అన్నది. మాటకు సమానమైన మాట వెతికే బదులు ఆ మాట వెనుక ఉన్న నడవడి అడగడం! దుభాషీ పని అప్పటికి మాకు కొంత అర్థమైంది.

మూడవ రోజు చూచిన సంగతిని కాస్త వివరంగా చెప్పాలి. నలభై ఏళ్ళ మగ్గం పనివాడు. కొన్నేళ్ళుగా మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నాడు. చెవిలో మాటలు వినిపించడం తగ్గి, తిరిగి పనిలో చేరాడు. మాత్రలు మాత్రం సరిగా వేసుకోవడం లేదని భార్య ఫిర్యాదు. సాధారణంగా ఇటువంటి చోట అందరమూ చేసే పని హితబోధ. విద్యార్థిని హితబోధ చేయలేదు. మాత్రల పట్టీ అడిగి తీసుకొని, చీటీలోని తేదీతో పోల్చి, మిగిలినవి లెక్కపెట్టింది. పూర్తిగా మానలేదు, రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. ఎందుకని అడిగితే అతడు చేతులు చూపించాడు. “ఏండ్లు బిగుసుకుంటయి. పోగు తెగితె ముడి వడ్తలేదు.”

మగ్గం మీద పోగు తెగితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే మీటర్లు ఆగుతాయి, మీటర్ల మీదనే కూలి. వేళ్ళు చురుకుగా కదిలి సెకన్లలో ముడి వేయలేనివాడు సాయంత్రానికి ఇంటికి తెచ్చేది తగ్గిపోతుంది. హాలోపెరిడాల్ వంటి మందులు కొందరిలో కండరాలను బిగుసుకునేలా చేస్తాయి. విద్యార్థిని అతని మోచేతిని పట్టుకొని మెల్లగా వంచి చాచి చూచింది. తరువాత అధ్యాపకురాలి అనుమతితో మమ్మల్నీ పట్టుకొని చూడమన్నది. చేయి సాఫీగా వంగలేదు. పళ్ళచక్రం తిరిగినట్లు ఆగి ఆగి, టకటకమంటూ వంగింది. వైద్యగ్రంథాలలో కూడా దీనిని పళ్ళచక్రపు బిగువు అనే పిలుస్తారట. గేరుపెట్టెలతో జీవితం గడిపిన మాకు ఆ స్పర్శ ఇప్పటికీ వేళ్ళలో ఉన్నది. మందు మార్చడం నర్సు చేతిలో లేదు. ఆమె గమనించిన దంతా కాగితం మీద రాసి, మరునాడు అతన్ని వెంటబెట్టుకొని ఔట్‌పేషెంటు విభాగానికి వెళ్ళింది. డాక్టరు మోతాదు తగ్గించి, బిగువు సడలడానికి ట్రైహెక్సిఫెనిడిల్ మాత్ర చేర్చారు. మందు మానేసిన మొండి రోగి అని చీటీ మీద రాసి ఉండగలిగిన మనిషి, కూలి కోసం మందును సగానికి కోసుకున్న మనిషిగా తేలాడు. ఆసుపత్రి బల్లకు అటూ ఇటూ కూర్చున్నంత కాలం ఈ తేడా బయటపడేది కాదని మా అభిప్రాయం.

అదే గల్లీలో ఒక యువకుడికి చేతులు వణకడం, ఎవరో పిలుస్తున్నట్లు ఉలిక్కిపడడం మొదలై రెండు రోజులైంది. గాలి సోకిందని ఇంటివారి నిశ్చయం. అధ్యాపకురాలు వేయించిన మొదటి ప్రశ్న మాకు వింతగా తోచింది. “ఊరి నుంచి ఎప్పుడు వచ్చాడు?” నాలుగు రోజుల క్రితం. “ఊళ్ళో రోజూ కల్లు తాగేవాడా?” నెల పాటు, రెండు పూటలా. గుజరాత్ రాష్ట్రం 1960లో ఏర్పడిన నాటి నుంచి మద్యనిషేధం ఉన్నది. అయినా దొరికేవి దొరుకుతాయి, ఊరి కల్లు మాత్రం దొరకదు. తెలంగాణలో కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజపాం, ఆల్ప్రజోలాం వంటివి కలుపుతారన్నది పలుమార్లు బయటపడిన విషయమే. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు, అలవాటు పడినవారు వణుకుతో, మూర్ఛలతో, మతి తప్పి నిజామాబాదు తదితర జిల్లాల ఆసుపత్రులలో బారులు తీరారు. అట్టి మందు ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. యువకుణ్ణి ఆ గంటలోనే ఆటోలో ఆసుపత్రికి చేర్చారు.

గాలి, ధూళి, చేతబడి అన్న మాటలు వచ్చినప్పుడు ఇంజనీర్ల ముఖాలలో అసహనం కనిపించడం సహజం. నర్సుల ముఖాలలో కనిపించలేదు. ఒక కుటుంబం కొడుకును కొండగట్టు అంజన్న సన్నిధికి తీసుకుపోయి నలభై రోజులు ఉంచుతామన్నది. “తప్పక వెళ్ళండి, మాత్రలు కూడా నలభై రోజులకు సరిపడా సంచిలో పెట్టుకోండి” అని జవాబు వచ్చింది. ఇది మాట చాతుర్యం కాదు. గుజరాత్‌లోనే మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో, ముజావర్లే రోగులను డాక్టరు దగ్గరకు పంపే దవా-దువా కార్యక్రమం ఏళ్ళ తరబడి నడిచింది. దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా మరువరానిది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన పాకలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మనోరోగులు మంటలలో చిక్కి మరణించారు.

అయిదవ రోజు విషయం మా శ్రీమతి అనుభవం. ఆమె మాటలలోనే విన్నాము గనుక మేమే చెబుతున్నాము. ప్రసవమై ఏడాది నిండని ఒక ఇల్లాలు. బిడ్డను ఎత్తుకోవడం మానింది, వంట మానింది. అడిగిన వాటికల్లా “మంచిగనే ఉన్న” అన్నది ఒకటే జవాబు. అత్తగారు పక్కనే ఉన్నారు. విద్యార్థిని నీళ్ళు కావాలని అత్తగారిని కుళాయి దగ్గరకు పంపింది. ఆ తరువాత దుభాషీతో “చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తున్నదా, సూటిగా అడగండి” అన్నది. మన ఇళ్ళలో ఆ మాట నోటితో అనడమే అశుభం. పసిబిడ్డ ఉన్న ఇంట మరీను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందేమోనని భయం. ఆ భయానికి ఆధారం లేదని, అడగడం వలన భారం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నదని మొదటి రోజు పాఠంలో విని ఉన్నాము. విని ఉండడం వేరు, ఆ గదిలో నోరు తెరవడం వేరు. మా శ్రీమతి అడిగింది. ఆ అమ్మాయి చాలాసేపు గోడవైపు చూచి, గూటిలో ఉన్న ఎలుకల మందు డబ్బాను చూపించింది.

తరువాత జరిగినదంతా చప్పుడు లేకుండా జరిగింది. ఆ అమ్మాయి ఒప్పుకోగానే డబ్బా విద్యార్థిని సంచిలోకి మారింది. ఒకరు ఆమె దగ్గరే కూర్చున్నారు. ఒకరు ఖాతాకు వెళ్ళి భర్తను పిలుచుకు వచ్చారు. పోలీసు కేసు అవుతుందేమోనని అతడు వణికిపోయాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, వేరుగా రుజువైతే తప్ప శిక్షించరాదని, ఇక్కడైతే ప్రయత్నమే జరగలేదని అతనికి తెలుగులో విడమరచి చెప్పవలసి వచ్చింది. ఆ సాయంత్రమే ఆమెను ఆసుపత్రిలో చూపించారు. ప్రసవానంతర కుంగుబాటు అని పేరు పెట్టారు. ఈ వ్యాసం రాసేనాటికి ఆమె మందులు వాడుతున్నది. బిడ్డకు తానే స్నానం చేయిస్తున్నదని భర్త ఫోనులో చెప్పాడు.

ఏడవ రోజుతో విద్యార్థినుల వారం ముగిసింది. ఇక్కడ మా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పక తప్పదు. ఒక వారం విద్యార్థికి చాలవచ్చు, గల్లీకి చాలదు. 2015-16లో నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ సర్వేలో గుజరాత్ కూడా ఉన్నది. వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని, వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది. బమ్రోలీలో ఆ అంతరానికి ఒక కారణం మాకు స్పష్టంగా కనిపించింది. ఔట్‌పేషెంటు విభాగం పగటిపూట, పగటి షిఫ్టు కూడా పగటిపూట. ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూలి పోతుంది. నెలకొక రోజు కూలి పోగొట్టుకోలేక మందు ఆపినవారు మేము కలిసిన వారిలోనే ముగ్గురున్నారు. సాయంత్రపు క్లినిక్ ఒకటి వారానికొకసారి గల్లీ దగ్గర నడిచినా పరిస్థితి చాలా వరకు మారుతుంది. యంత్రానికి నిర్వహణ షెడ్యూలు వేసేటప్పుడు, అది ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చూసి వేస్తామే గాని మనకు వీలైన వేళ చూసి వేయము గదా!

వెళ్ళేముందు ప్రతి ఇంటి తలుపు లోపలివైపున విద్యార్థినులు ఒక సంఖ్య రాసి వచ్చారు. 14416. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ ఉచిత ఫోను సేవ. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మన కాలనీల పాఠకులు కూడా ఈ సంఖ్యను రాసిపెట్టుకొనవలసినదిగా కోరుతున్నాము. షిఫ్టు పని, నిద్ర లేమి, దూరాన ఉన్న తల్లిదండ్రుల బెంగ బమ్రోలీకే పరిమితమైనవి కావు.

అధ్యాపకురాలి కోరికపై మేము నలుగురమూ కలిసి తెలుగు మాటల పట్టిక ఒకటి తయారు చేశాము. మనసు బాగోలేనప్పుడు మనవారు వాడే మాటలు అరవై దాకా తేలాయి. ఎదురుగా గుజరాతీ అర్థం, కింద అడగవలసిన ప్రశ్న. రంది ఎదుట అర్థం గడి ఖాళీగానే ఉన్నది, ప్రశ్న మాత్రం రాశాము. తరువాతి జట్టు ఉత్తరాయణ్ పండుగ వెళ్ళాక వస్తుంది. ఈసారి లింబాయత్ గల్లీలు కూడా చేరుస్తారట, కనుక నలుగురు దుభాషీలు చాలరు. టౌన్‌షిప్‌లో ఆసక్తి గల స్త్రీ పురుషులు ఎవరైనా రావచ్చును. కరీంనగర్, సిరిసిల్ల వైపు మాట తెలిసినవారైతే ఆ పట్టికలో మేము రాసినవి ఎంతవరకు సరియైనవో ముందుగా ఒకసారి చూచి పెట్టగలరు.